గుమ్మానికి మేకు

మా ఒహాయో కాలేజీ పచ్చిక మధ్యలో మనిషెత్తు బండరాయి ఒకటుంది. దాని మీద ఎవరైనా ఏదైనా రాయొచ్చు. షరతు ఒకటే. రాసినవాళ్ళు రంగు ఆరేదాకా మొహం దాచుకోకుండా పక్కనే నిలబడాలి. నచ్చనివాళ్ళు తరవాత వచ్చి దాని మీద రంగు పూసి తమది రాసుకుంటారు. ఆఫీసు మాత్రం చెయ్యి పెట్టదు.

ఆ షరతు పెట్టింది బ్రైనా ఫెల్డ్‌షర్. విద్యార్థుల గొడవలన్నీ చూసే అధికారి. ఆఫీసులో ఆవిడ పక్కగదే నాది. చలికాలమంతా ఆవపిండి రంగు స్వెటరొక్కటే వేసుకునేది. ఉల్లిపాయ బేగెల్ రొట్టె తింటున్నప్పుడు ఎవరు ఫోన్ చేసినా ఎత్తేది కాదు. మా కాలేజీ పెద్దలంతా కర్ర విరక్కుండా పాము చావాలనే రకం. ఈవిడ మాత్రం ముందు అది పామో తాడో చూడమనేది.

ఆ అక్టోబరులో వేడ్ కింబల్ అనే కుర్రాడు ‘ఈ కాలేజీని యూదులు కొనేశారు’ అని రాసి, చేతులు కట్టుకుని పక్కనే నిలబడ్డాడు. చూసి నాకు ఒళ్ళు మండింది. బ్రైనా కూడా యూదే. కిటికీలోంచి చూసి మళ్ళీ పనిలో పడింది.

మొదటి సంవత్సరం చదివే యూదుల పిల్ల టిర్జా ఓకున్ విసురుగా వచ్చింది.

"అది తుడిపించండి."

"తుడిపించను. రంగు డబ్బాలు కింద అల్మారాలో ఉన్నాయి. వెళ్ళి పూసెయ్."

"అది పచ్చి అబద్ధం. మన మీద విషం."

"అవును, అబద్ధమే. పోయిన నెల నువ్వు రాసింది తుడిపించమనీ నలుగురొచ్చారు. వాళ్ళకీ ఇదే చెప్పాను."

"అసలు మీరు మనవాళ్ళేనా?"

"మా అమ్మకీ ఆ అనుమానముండేది."

టిర్జా నవ్వలేదు. రంగు డబ్బా ముట్టుకోలేదు. ఆ శనివారం యూదుల ప్రార్థన మందిరంలో ఎప్పుడూ పక్కన కూర్చునే ఆడవాళ్ళు బ్రైనాకి చోటివ్వలేదట. "కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుంది, ఎవరితో చెప్పను?" అంది నాతో.

తరవాతి వారం హాస్టల్లో టిర్జా గది ద్వారబంధానికున్న మెజూజాని ఎవరో పీకి చెత్తబుట్టలో వేశారు. లోపల దైవవాక్యం చుట్టిపెట్టిన చిన్న డబ్బీ అది. యూదుల గుమ్మాలన్నిటికీ ఉంటుంది. వరండా కెమెరాలో మనిషి దొరికాడు. వేడ్ కాదు. మగపిల్లలూ ఉండే ఆ అంతస్తులోనే ఉన్న ట్రెంట్ అనేవాడు.

"అది నా అభిప్రాయం" అన్నాడు వాడు. "రాయి మీద రాస్తే ఊరుకున్నారుగా?"

బ్రైనా బేగెల్ పక్కన పెట్టింది. అలా పెట్టడం నేను మొదటిసారి చూశాను.

"రాయి అందరిదీ. గుమ్మం ఆ పిల్లది. అభిప్రాయముంటే రాయి దగ్గర మొహం చూపించి నిలబడు. ఆడపిల్ల పడుకునే గది దగ్గరికొచ్చి చేసేదాన్ని బెదిరింపంటారు."

విచారణ జరిపి వాణ్ణి ఆ ఏడాదికి కాలేజీ నుంచి పంపేశారు. పనిలో పనిగా రాయి చుట్టూ కంచె కట్టేద్దామన్నారు పెద్దలు. బ్రైనా ఒప్పుకోలేదు. "ఆ రాయి లేకపోతే వేడ్ మనసులో ఏముందో మనకి తెలిసేదా? ఇప్పుడు తెలిసింది. ఎవరైనా వెళ్ళి వాడితో వాదించొచ్చు" అంది.

ఇదంతా టిర్జాకి పట్టలేదు. చదువు మానేసి వస్తానని ఇంటికి ఫోన్ చేసింది. ఆదివారం వాళ్ళ నాన్న జీవ్ ఓకున్ క్లీవ్‌లాండ్ నుంచి ఖాళీ అట్టపెట్టెలతో దిగాడు. బ్రైనా నన్నూ వెంటబెట్టుకుని ఆ గదికి వెళ్ళింది.

టిర్జా బట్టలు మడతపెడుతోంది. ఆయన మెజూజా తెరిచి, లోపలి చుట్ట చెడలేదని చూసుకుని, డబ్బీ వెనక్కి తిప్పాడు.

"టేపుతో అంటించావా? లాగితే రాదూ మరి? ఎవరు చెప్పారే ఇలా పెట్టమని?"

టిర్జా బ్రైనా వైపు చూసింది.

"నేనే" అంది బ్రైనా. "హాస్టల్లో మేకులు కొట్టకూడదన్న నియమం నాదే. చెక్క పాడవుతుందని."

ఆయనకి కోపం రాలేదు. "ఇవాళో రేపో పోయేవాళ్ళు టేపు అంటిస్తారమ్మా. ఉండేవాళ్ళు మేకు కొడతారు" అన్నాడు.

ఎవరి మాటకైనా ఠకీమని జవాబిచ్చే మనిషి గిరుక్కున తిరిగి కిందికి వెళ్ళింది. అలిగిందనుకున్నాను. కాసేపటికి సుత్తీ మేకులూ పట్టుకొచ్చి టిర్జా ముందు పెట్టింది.

"కొట్టమని నేను చెప్పను. కొట్టొద్దని మాత్రం ఇక అనను."

టిర్జా చేతిలో బట్టలు మంచం మీద పెట్టేసింది.

"నేను రాస్తే రాయి మీద రంగు ఆరడానికి ఎంతసేపు పడుతుంది?"

"ఈ చలికా? చీకటి పడేదాకా నిలబడాలి."

"అయితే ముందు ఇది కానిద్దాం" అని సుత్తి తీసుకుంది.

వాళ్ళ నాన్న మెజూజాని ఏటవాలుగా ఆనించి మంత్రం చదివాడు. బ్రైనా మేకులు ఒక్కొక్కటే అందించింది. చెక్క కాస్త చిట్లింది. ఎవరూ పట్టించుకోలేదు.