బావ చెవికి దొరికిన కోత

పోయిన నెలలో ఒక సోమవారం పొద్దున మేనకోడలు ఫోన్ చేసి, "మామా, బాపు పోయిండు" అంది. మా అక్క భర్త గురించి నాలుగు మంచి మాటలు రాద్దామనే కూర్చున్నాను. కానీ ఆయనను తలచుకుంటే ముందు గుర్తొచ్చేది ఆయన అనుమానమే. ఎరువు బస్తా కొంటే కుట్టు విప్పి చూడందే కదిలేవాడు కాదు. బోధన్ బోర్డున్న బస్సెక్కి, ఇది బోధన్‌కేనా అని ఇద్దరిని అడిగేవాడు.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో బాన్సువాడలో నాకు పాటలు డిస్కుల్లో ఎక్కించే చిన్న దుకాణం ఉండేది. దాని సామానంతా బావ ట్రాక్టర్‌లోనే వచ్చింది. ఎంపీత్రీ పాడే స్టీరియో ఒకటి ఆయన ఇంట్లో నేనే పెట్టించాను. ఒక్క డిస్కులో నూటయాభై పాటలు అనగానే దాన్ని వెలుతురుకు పట్టి అటూ ఇటూ తిప్పాడు.

"గీ పళ్లెంల గన్ని పాటలెట్ల పట్టినయ్‌రా బామ్మర్దీ? ఏందో తీసేసిండ్రు."

"చెవికి వినవడనియే తీస్తరు బావా."

"ఎవని చెవికి?"

నేను డిస్కు తీసుకుని స్టీరియోలో పెట్టేశాను.

అప్పటికి అక్క పోయి ఏడాది. ఆమె గొంతు మిగిలింది ఒక్క క్యాసెట్‌లోనే. ఇంట్లో కూర్చుని నాట్ల పాటలు పాడుతుంటే బావే రికార్డు చేశాడు. టేపు అరిగిపోతోంది, డిస్కులో ఎక్కిస్తానని నేనే వెంటపడ్డాను. నెల రోజులు ఇవ్వలేదు. చివరికి తువ్వాలలో చుట్టి తెచ్చి, "పైలం" అన్నాడు.

పాటల మధ్యలో ఒకచోట అక్క, "జర గా టేపు బంద్ చెయ్యుండ్రి, పొయ్యి మీద పాలున్నయ్" అని బావను కసిరింది. పాటకు అడ్డమనిపించి ఆ ముక్కను కంప్యూటర్‌లో కోసేశాను. శుభ్రం చేశానని మురిసిపోయాను కూడా. కోయని కాపీ ఒకటి ఉంచుకోవాలన్న తెలివి లేకపోయింది. డిస్కుతో సరిచూద్దామని క్యాసెట్ మళ్లీ పెడితే టేపు చిక్కుపడి, నలిగి, అతికించడానికి పనికిరాకుండా పోయింది.

బావ ఇంట్లో డిస్కు పెట్టాను. ఆయన స్పీకర్‌కు చెవి ఆనించి పాటలన్నీ విన్నాడు.

"పాల ముచ్చట ఏదిరా?"

"ఎంపీత్రీ అంతే బావా. చిన్నగ చేసేటప్పుడు కొంచెం పోతది" అన్నాను. క్యాసెట్ పాడైన సంగతి మాత్రం చెప్పక తప్పలేదు.

ఆయన లేచి స్టీరియో ఆపేశాడు. తర్వాత ఊళ్లో ఎవరు డిస్కు కొన్నా, "అది మాటలు మింగుతది, జర చూస్కో" అని హెచ్చరించేవాడు. అందరూ నవ్వేవారు, నేను తల దించుకునేవాడిని. నేను తెచ్చిన ఏ డిస్కు విన్నా, అయిపోయాక నా వైపు తిరిగి, "దీంట్ల ఏమన్న పోయిందా?" అని అడిగేవాడు. ఏమీ పోలేదనేవాడిని. పట్టేశాడేమోనని ఆయన ముఖం వంక దొంగచూపులు చూసేవాడిని.

పదకొండో రోజు భోజనాలయ్యాక మేనకోడలికి నిజం చెప్పేశాను. ఆమె ఆశ్చర్యపోలేదు.

"బాపుకు ఎరుకే మామా. 'మిషిన్ గా ఒక్క మాటనే ఏరి తీస్తదా? మీ మామనే కోసిండు. ఎప్పుడో ఒకనాడు ఆయ్నే చెప్తడు తియ్' అనెటోడు."

అప్పటినుంచి సిగ్గూ ఏడుపూ కలిసే వస్తున్నాయి. బస్సు బోర్డును కూడా నమ్మని మనిషి, నేను చెబుతానని నమ్మాడు. కళ్లు మూస్తే ఒకటే కనిపిస్తోంది. పాట అయిపోయింది. స్టీరియో తెర మీద నీలి వెలుగు. బావ ఇంకో డిస్కు అందుకోకుండా, తొందరేమీ లేనట్టు, చాప మీద అలాగే కూర్చుని ఉన్నాడు.