ఏడో నంబరు సిపాయి

నిర్మల్‌లో బొమ్మలు చెక్కే పోశెట్టి ప్రతి ఆదివారం పొద్దున బల్ల మీద యుద్ధం పరుస్తాడు. అట్టముక్కల కోట, దాని చుట్టూ బొటనవేలంత పొనికికర్ర సిపాయిలు. అందరినీ తనే చెక్కి, చింతగింజల జిగురుతో కత్తులు అతికించి, కాళ్ల కింద నంబర్లు వేశాడు. అవతలి సైన్యం తమ్ముడి కూతురు కోమలది. మొదట్లో పాచికలు వేసేవారు. పోశెట్టి వాటినీ పొనికితోనే చెక్కాడు. ఆ తేలిక కర్ర ఫ్యాను గాలికే దొర్లిపోయేది. విసిగిపోయి కోమల ఒక ప్రోగ్రాం రాసింది. ఎవరు ఎంత కదిలారో ఆమె ల్యాప్‌టాప్‌లో కొడితే, దెబ్బ ఎవరికి తగిలిందో అది చెబుతుంది. పడిన బొమ్మను పోశెట్టి రెండు వేళ్లతో ఎత్తి, దుమ్ము ఊది, డబ్బాలో పడుకోబెడతాడు. ఓడినా నొచ్చుకోడు.

మొన్న ఆదివారం మాత్రం కోమల "నీ ఏడో నంబర్ పడ్డడు, పెద్దబాపు" అనగానే ఆయన చెయ్యి బల్ల మీదే ఆగిపోయింది. ఏడాదిగా ఆ చెయ్యి వణుకుతోంది. వణుకు మొదలయ్యాక ఆయన గీసినవాటిలో వంకరపోకుండా వచ్చిన కనుబొమలు ఆ ఒక్క సిపాయివే.

"మల్లొక్కపారి అడుగు బిడ్డా. సక్కగ సూసిందా అది?"

"అది సూడదు పెద్దబాపు. లెక్క కట్టి చెప్తది, గంతే."

పోశెట్టి సిపాయిని ఎత్తి దుమ్ము ఊదాడు. డబ్బా దాకా పోయిన చెయ్యి వెనక్కి వచ్చి, బొమ్మను అంగీ జేబులో పెట్టుకుంది.

"గదే అనుకున్న" అన్నాడు. "సూసుంటే వీన్ని సంపకపోతుండె."