కోత పండుగకు రాతిపువ్వు

1968 నవంబరులో అందరూ పంటలో కొంత తెచ్చి అర్పించే మా చర్చి కోత పండుగకు నేను ఒక రాయి తీసుకువెళ్లాను. అప్పుడు యూనివర్సిటీలో ఎమ్మెస్సీ బోటనీ చదువుతున్నాను. నాన్న తార్నాకలో ఆ చిన్న చర్చికి పాస్టరు. క్యాంపస్ గుట్టల్లో ఏరిన ఆ రాయి మీద రాతిపువ్వు అంటుకుని ఉంది. బిర్యానీ మసాలాలో వేసేదానికి దగ్గరి జాతి. నడుమ నుంచి అంచు దాకా కొలిస్తే నలభై మిల్లీమీటర్లు. ఏడాదికి మిల్లీమీటరు చొప్పున వేసుకున్నా నలభై ఏళ్ల ప్రాణం. వయసులో మా చర్చి గోడల కంటే పెద్దది. అంగారకుడి మీద బతకగలిగేది ఏదైనా ఉంటే ఇలాంటిదే అయి ఉంటుందని మా లెక్చరర్ చెప్పారు.

ఇంటికొచ్చి ఆ మాట నాన్నకు చెప్పాను. "గాడ ప్రాణముంటే, ప్రభువు వాటి కోసం గూడ చనిపోయినట్టేనా బిడ్డా?" అని అడిగారు.

"సిలువ పాపుల కోసం గదా నాయినా. దీనికేం పాపమున్నది?"

ఆయన నవ్వారు. రాయిని గుమ్మడికాయల పక్కన బల్ల మీద పెట్టమన్నారు. ఈ ప్రశ్న మీదనే ప్రసంగం చేస్తానన్నారు. నా ఆశంతా ఆ ప్రసంగం మీదే.

పండుగ రోజు సంఘపెద్ద భార్య బల్ల సర్దుతూ రాయిని చేతిలోకి తీసుకుంది. "ఏంది బిడ్డా, అంబర్‌పేట్ మార్కెట్ల వంకాయలు గూడ దొరకలేదా?" అంది. అందరూ నవ్వారు. సంఘపెద్ద దాన్ని బయట మెట్ల పక్కన పెట్టించాడు. నాన్న చూశారు. సమస్త జీవులనూ ఏలమని దేవుడు మనిషికి అధికారమిచ్చాడని ఏటా చెప్పే ప్రసంగమే చెప్పారు.

సాయంత్రం ఆయనే రాయిని ఇంట్లోకి తెచ్చి, తన బల్ల మీద బైబిలు పక్కన పెట్టుకున్నారు. మరుసటి వారం నేను బోటనీ టూరుకు నీలగిరి వెళ్లాను. మూడు వారాలకు తిరిగి వచ్చేసరికి రాతిపువ్వు నల్లబడి పొరలుగా ఊడుతోంది. రాయి కింద తడిగుడ్డ పరిచి ఉంది.

"రోజూ పొద్దున సాయంత్రం నీళ్లు పోసిన. సాలలేదా?" అన్నారు నాన్న.

ఎప్పుడూ తడిగా ఉంటే అది కుళ్లిపోతుందని, ఎండ, వాన, మంచు తప్ప దానికి ఇంకేమీ అక్కర్లేదని చెప్పాను. ఆయన రాయిని రెండు చేతులా మోసుకెళ్లి చర్చి మెట్ల పక్కన పెట్టారు, సంఘపెద్ద మొదట పెట్టించిన చోటనే.

"గీడనే ఉంచితే బతికేది," అన్నారు.

ఆ ప్రసంగం సంగతి ఆయన మళ్లీ ఎత్తలేదు, నేనూ అడగలేదు. 1974లో పోయారు. తన ప్రశ్నకు ఆయన ఏం జవాబు చెప్పి ఉండేవారో నాకు తెలియకుండానే మిగిలింది. ఏటా కోత పండుగ నాడు చర్చి మెట్లెక్కేముందు వంగి ఆ రాయిని చూసేదాన్ని. నేను చూసినన్నాళ్లూ బోడిగానే ఉంది.