అలాయిలో కాలిన దూది

మా దాది, అంటే మా నాయినమ్మ, ఏకిన దూదిని ఈ ఏడు మొహర్రంలో పీర్ల కొట్టం ముందు మంట వేసే అలాయి గుండంలో వేసి కాల్చారు. కాల్చింది పరాయివాళ్ళు కాదు, నా సొంత తమ్ముడు. నన్ను ఒక్క మాట అడగలేదు.

దూది కోసం ఇంత రభస ఏమిటని నవ్వేవాళ్ళు నవ్వవచ్చు. నవ్వేముందు అది ఏ దూదో తెలుసుకుంటే మంచిది.

మాది రఘునాథపల్లి దగ్గర ఊరు. మేము దూదేకులవాళ్ళం. మా ఊరి పీర్లు, గుడ్డలు కట్టిన లోహపు పంజాలు, మొహర్రం పండుగ రోజుల్లోనే నిలబడతాయి. మిగతా ఏడాదంతా పీర్ల కొట్టంలో ఒక టేకు పెట్టెలో పడుకుంటాయి. వాటి కింద ఒక పరుపు ఉంటుంది. పండుగకు పెట్టె తెరవగానే ఆ పరుపు మా ఇంటికి వచ్చేది. కుట్లు విప్పి, పాత దూదిని మళ్ళీ ఏకి, ఊరందరూ మొదటి ఏరుడులో ఇంటికి పిడికెడు చొప్పున ఇచ్చిన కొత్త పత్తిని అందులో కలిపేవాళ్ళం. కలిపినాక పరుపుకు ఎంత పడుతుందో అంత కూరి కుట్టి, చివరి రోజు పీర్లను కడిగి తెచ్చే వేళకు పెట్టెలో పరిచేవాళ్ళం. మిగిలిన దూదితో ఆ ఏడు ఊళ్ళో పుట్టిన పిల్లలకు చిన్న దిండ్లు కుట్టి ఇచ్చేవాళ్ళం. అంటే పారేయడమనేదే లేదు. దాది ఏకింది, దాది మామ ఏకింది, అంతకుముందు ఎవరు ఏకారో వాళ్ళది కూడా కొంత కొంత అందులో ఉండిపోయింది. మా ఊళ్ళో పుట్టిన ప్రతివాడూ ఆ దూది మీద తల పెట్టినవాడే. కాల్చినవాడు కూడా.

దాదిది పెద్దవంగర. ఊహ తెలియని వయసులో పెళ్ళి చేసి ఇటు పంపారు. దాదా, అంటే మా తాత, విల్లుతో దూది ఏకేవాడు, ఆమె గింజలు తీసి, ఏకిన దూదిని గుడ్డలో కూరి కుట్టేది. దాదా జ్వరంతో పోయాడు. ఇద్దరు పిల్లలు, గోడకు తగిలించిన విల్లు మిగిలాయి. ఆమె విల్లు దించి భుజాన వేసుకుంది. మా కులంలో అప్పటిదాకా ఆడమనిషి విల్లు పట్టింది లేదట.

"ఆడిదానివి విల్లు పట్టుకొని ఊర్లు తిరుగుడు ఏందే? నవ్వరా జనం?" అన్నాడట కులపెద్ద.

"నవ్వనీ బాపు. నవ్వినోళ్ళ ఇంట్ల బిడ్డ పెండ్లికి పరుపు కావాలె గదా. అప్పుడు పిలుస్తరు. రెండు నవ్వులు ఎక్కువ నవ్వి పోత" అందట దాది.

ఆ మాట ఆమె నోటితోనే ఎన్నోసార్లు విన్నాను. చెప్పి, వక్కపలుకు బుగ్గన పెట్టుకొని, మళ్ళీ తనే నవ్వేది.

తరిగొప్పుల దాకా నడిచి వెళ్ళి ఎవరి అరుగు మీదనో కూర్చుని ఏకేది. నారి మీద కొయ్యపిడి పడితే వచ్చే చప్పుడు ఆ వాడ పిల్లలందరినీ లాక్కొచ్చేది. దూది లేచి గాలిలో తేలి, ఆమె జుట్టు మీద, కనుబొమ్మల మీద వాలేది. ముసలితనం రాకముందే నాకు ఆమె తెల్లజుట్టు మనిషిగా గుర్తు. విల్లుకు పేగు నారి కావాలంటే మానుకోటకు వెళ్ళి తెచ్చుకునేది. తమ్ముడి కాన్పులోనే మా అమ్మ పోయింది. కొన్నాళ్ళకు నాయిన కూడా పోయాడు. మా ఇద్దరినీ ఆ విల్లే సాకింది. నన్ను బడికి పంపలేకపోయింది. చుట్టిన పరుపులకు కట్టే పాత పేపర్లు ముందేసుకొని నేనే అక్షరాలు కూడబలుక్కున్నాను. నాలుగు ముక్కలు రాస్తున్నానంటే ఆ పేపర్ల పుణ్యమే.

ఆమె భక్తి కూడా ఆమె పనిలాగే ఉండేది. నమాజు వదిలేది కాదు. అరబ్బీలో వచ్చింది తక్కువ. వచ్చినంత చదివి, ఆ తర్వాత మోకాళ్ళ మీద కూర్చుని తెలుగులో మాట్లాడేది. "అల్లా, పిల్లగాండ్లకు దగ్గు తగ్గించు. వాన జర ఆపు, దూది తడుస్తున్నది" అనేది. రంజాన్‌లో రోజాలు ఉండేది. మొహర్రం వచ్చిందంటే మాత్రం ఆమెను పట్టలేము. పీర్ల పరుపు ఏకేటప్పుడు స్నానం చేసి, ఊదు పొగ వేసి కూర్చునేది. అప్పుడు ఎవరూ ఆమెతో మాట్లాడకూడదు. మాట్లాడితే విల్లు ఆపి, వాళ్ళు వెళ్ళిపోయేదాకా చూసేది. ఆ చూపుకు సర్పంచు కూడా గుమ్మం దగ్గరనుంచే వెనక్కి పోవడం నాకు తెలుసు.

జనగామలో దూది ఏకే మిషన్ వచ్చింది. పిలిచేవాళ్ళు తగ్గారు. తర్వాత స్పాంజి పరుపులు వచ్చాయి, ఆ కొద్దిమందీ పిలవడం మానేశారు. దాది చివరి ఏళ్ళలో విల్లు దించింది పీర్ల కోసమే. చేతకానప్పుడు నా చేతికిచ్చి, పక్కన కూర్చుని విన్నది. చూసింది అనను, కళ్ళు పోయాయి. చప్పుడు వినే "గీడ గట్టిగ కొడుతున్నవు, నార తెగుతది" అని చెప్పేది. తమ్ముడు అప్పటికే భూపాలపల్లిలో బొగ్గు బావిలో కుదిరాడు. వాడికి విల్లు రాదు. దాది మాత్రం వాడి పేరు తలవకుండా కన్ను మూయలేదు.

ఆమె తర్వాత ఇన్నేళ్ళూ నేనే ఏకాను. కిందటేడాది, అంతకుముందు ఏడాది నా కుడి భుజం లేవలేదు. పరుపు విప్పకుండానే మళ్ళీ పెట్టెలో పరిచారు. ఈసారి ఎట్లాగైనా ఏకాలని అనుకున్నాను. సరిగ్గా ఆ రోజుల్లోనే కంటి ఆపరేషన్‌కు జనగామలో బిడ్డ ఇంట్లో ఉండిపోవలసి వచ్చింది. పండుగ చివరి రోజు నల్లద్దాలు పెట్టుకొనే బస్సెక్కి వచ్చాను. కొట్టంలోకి వెళ్తే పెట్టెలో ఎర్ర మఖ్మల్ గుడ్డ, జరీ అంచు, కింద స్పాంజి. వేలితో నొక్కితే దిగి, తీస్తే లేచింది.

పీర్లను చూసుకునే ముజావర్ నాకంటే చిన్నవాడు. నా ముఖం చూసి వాడే మొదలుపెట్టాడు.

"చిచ్చా, జర ఆగు, నన్ను తిట్టకు. నీ తమ్ముడే భూపాలపల్లి నుంచి తెచ్చి, పెట్టి పోయిండు. మనుమనికి జరం తగ్గితే కొత్త పరుపు పెడ్తనని మొక్కుకున్నడట. వేరేటోడు ఎవడన్న అయితే పెట్టె ముట్టనిస్తనా?"

"పాతదేది?"

"బయట పారేస్తే కాళ్ళ కింద పడ్తదని అలాయిల ఏసినం. ఊదు ఏసి, సలాం చేసే ఏసినం చిచ్చా."

"సలాం చేసి మనిషిని కాలిస్తే మనిషి కాలడా?"

గుండం దగ్గరికి వెళ్ళి చూశాను. దూదికి బూడిద కూడా పెద్దగా ఉండదు. కట్టెల బూడిదే ఉంది.

తమ్ముడికి ఎన్నోసార్లు ఫోన్ చేశాను. ఎత్తితే మరదలు ఎత్తేది. "బావా, ఆయన దవాఖానకు పోయిండు" అనేది. మరోసారి "నమాజుకు పోయిండు". ఇంకోసారి వాడే ఎత్తాడు. "కన్ను ఎట్లుంది అన్నా?" అన్నాడు. కన్ను సంగతి చెప్పి, "ఎందుకు కాల్చినవురా? నన్నెందుకు అడగలే?" అన్నాను. "సిగ్నల్ లేదు అన్నా" అని పెట్టేశాడు. నాకు ఆ ఒక్క ప్రశ్నకే జవాబు కావాలి. దూది ఇక రాదని నాకు తెలుసు. వాడు తెలియక చేశాడనే నా మనసులో ఉంది. ఊరు విడిచినవాడు, ఆ పరుపులో దాది ఉన్నదని మరిచిపోయి ఉంటాడు. ఆ మాట వాడి నోటితో వింటే, తిట్టి, ఊరుకుందామనుకున్నాను.

వానాకాలం పోయింది. పత్తి ఏరడం మొదలైంది. ఒక పొద్దున తండానుంచి ఒకామె కొంగులో పత్తి కట్టుకొని వచ్చింది. మొదటి ఏరుడులో పిడికెడు ఇవ్వడం వాళ్ళకు అత్తల నాటినుంచి ఆనవాయితీ.

"ఈసారి అడగనీకి రాలేదేంది కాకా? మొదటి పత్తి ఇయ్యకుంట అమ్మితే మా అత్త కలలకొచ్చి కొడ్తది" అంది.

పరుపు సంగతి చెప్పాను. మా దాదిని తండావాళ్ళు యాడి అనేవాళ్ళు. వాళ్ళ భాషలో అమ్మ అని.

"యాడి దూది కాల్చినా మా పత్తికేమైంది? నేనైతే వాపస్ తీస్కపోను" అని అరుగు మీద పెట్టి వెళ్ళిపోయింది.

ఆ పత్తిని చేతిసంచిలో వేసుకొని భూపాలపల్లి వెళ్ళాను. తమ్ముడు గుమ్మంలో నన్ను చూసి సంచి అందుకోబోయాడు. ఇవ్వలేదు. చాయ్ తెచ్చారు, తాగలేదు. మనుమడిని తెచ్చి కాళ్ళ దగ్గర నిలబెట్టాడు. పిల్లవాడి తల నిమిరాను, వాడితో నాకేం పగ? ఆ తర్వాత పత్తి తీసి మంచం మీద పెట్టి, "పీర్లకు పంపిండ్రు. దేంట్ల కలపాలె చెప్పు. దాది దూది ఏదిరా?" అన్నాను.

తమ్ముడు చాలాసేపు ఆ పత్తిలోంచి గింజలు తీస్తూ కూర్చున్నాడు. దాది తీసినట్టే, బొటనవేలి గోటితో. తలెత్తకుండానే జవాబు చెప్పాడు.

"అడిగితే వద్దంటవని తెల్సు, అందుకే అడగలే. దాది దూది దాంట్ల ఉన్నదని నాకు తెల్వదనుకుంటున్నవా అన్నా? తెల్సే కాల్చిన. మొక్కిన పరుపు తెచ్చి పెట్టె తెరిస్తే, పాతదాంట్ల ఎలుక ఈనింది. పీర్ల కింద ఎలుక పిల్లలు. దాది ఉంటే ఏమంటుండె? నీ భుజం ఇగ లేవది. నాకు విల్లు రాదు. నా కొడుకు విల్లు కంటితోటి సూడలే. ఏకేటోడు లేని దూదిని ఇంకెన్నేండ్లు మురగబెడ్తం? నా చేతులతోని ఏసిన, ఏసి ఆడ్నే కూసొని ఏడ్సిన, ముజావర్‌ను అడుగు. ఇగ గీ పిడికెడు అంటవా, పిల్లగానికి దిండు కుడ్త. నాకు గంతే వస్తది."