ఆగ్నేయానికి జరిగిన పొయ్యి

సముద్రం మొహమైనా చూడకుండా, జమ్మలమడుగులో మా ఇంట్లో మంచం మీద కూర్చుని, ఒక యుద్ధనౌకను పేల్చేసేంత పని చేశాను. నమ్మరా? వినండి.

మా అమ్మాయి కెజియా ప్రొద్దుటూరులో ఇంజనీరింగు చదివింది. ఓడలు కట్టే కంపెనీ ఒకటి, ఉద్యోగానికి పరీక్షగా, చిన్న యుద్ధనౌకను కంప్యూటరులో కట్టి చూపించమంది. ఇప్పుడు ఓడను ముందు కంప్యూటరులోనే కడతారట. ప్రతి గదీ, ప్రతి గొట్టమూ అందులో కుదిరాకే ఇనుము కోస్తారట. పిల్ల నెలంతా కళ్లు గుంటలు పడేలా కూర్చుని కట్టింది. చూపించే రోజు పొద్దున స్నానానికి పోతూ, "చూడు గానీ ముట్టుకోవద్దు మా" అంది. మౌసుతో వస్తువులు జరపడం అంతకుముందు నేర్పింది తనే. కాబట్టి తప్పులో సగం తనది.

మా ఆయన మేస్త్రీ. ఆయన వెంట ఇటుకలు మోసినదాన్ని నేను. ముగ్గు పోసిన పునాదిలోకి దిగితే ముందు పొయ్యి ఎక్కడ వస్తుందని చూడటం మాకు అలవాటు. మేం చర్చికి పోయేవాళ్లమే. వాస్తు నమ్మొద్దని పాస్టరుగారు చెబుతారు. ఆయన ఇంటి పొయ్యి కూడా ఆగ్నేయంలోనే ఉంది.

నలభై దాటాక రాత్రి బడిలో అక్షరాలతో పాటు పటం చూడటమూ నేర్చుకున్నాను. పైన ఉత్తరం, కుడివైపు తూర్పు. ఆ లెక్కన మా పిల్ల ఓడలో పొయ్యి ఈశాన్యంలో ఉంది. చదవేస్తే ఉన్న మతి పోయిందన్న సామెత నాకోసమే పుట్టినట్టుంది. పొయ్యిని పట్టి కిందికి లాగి, కుడి మూల గదిలో పెట్టాను. గది పేరు ఇంగ్లీషులో ఉంది, నాకు వచ్చింది తెలుగే. పొయ్యి చుట్టూ ఎర్రగా వెలిగింది. మంట అంటుకుందని సంతోషించాను. కంప్యూటరు ఏదో అడిగితే సరేనని నొక్కాను.

కాసేపటికి తెర మీదికి కంపెనీ సారు వచ్చారు. కెజియా ఓడంతా తిప్పి చూపిస్తోంది. ఒకచోట ఆయన ఆపమన్నారు.

"ఏమ్మా, మందుగుండు దాచే గదిలో వంట చేస్తారా?"

పిల్ల మొహం సున్నం కొట్టిన గోడైంది. మెల్లగా నా వైపు తిరిగింది.

"ఏం చేసినావు మా?"

చేతికొచ్చిన ఉద్యోగం నా పొయ్యిలో కాలిపోతోంది. ముందుకు వచ్చి చెప్పాను.

"పాప తప్పేం లేదు సారూ. ఈశాన్యంలో పొయ్యి మంచిది కాదని నేనే ఆగ్నేయానికి జరిపినా."

ఆయన నవ్వలేదు. శ్రద్ధగా అడిగారు. "మరి ఓడ వెనక్కి తిరిగితే ఆగ్నేయం ఎక్కడుంటుందమ్మా?"

వేళ్ల మీద దిక్కులు లెక్కపెట్టుకున్నాను.

"ఓడ తిరిగినప్పుడంతా పొయ్యిని జరుపుకుంటా పోవాల సారూ."

ఆ తర్వాత చాలాసేపు తెరలో సారు కనబడలేదు, బల్ల కిందికి వంగి నవ్వుతున్నారు. ఆయన లేచేసరికి కెజియా పొయ్యిని దాని చోట పెట్టి, నేను చీల్చుకుంటూ పోయిన గొట్టాలన్నీ సరిచేసింది. చెడిందాన్ని అంత తొందరగా బాగుచేసే పిల్ల తమకు కావాలని ఉద్యోగం ఇచ్చారు. మీ అమ్మకు పాస్‌వర్డు మాత్రం చెప్పొద్దన్నారట.

అందుకే నిండు మనసుతో ప్రమాణం చేస్తున్నాను. నీళ్ల మీద తేలే ఏ వంటింటి జోలికీ ఇక పోను. నేల మీది ఇళ్లు ఈ ప్రమాణంలోకి రావు.