లోకో షెడ్డు వెనక బావి

దయ్యాల మాట ఎత్తితే మా నాన్న ఊరుకునేవాడు కాదు. చర్చిలో ఉపదేశి ఆయన. నేనూ అలాగే పెరిగాను. నేను పాఠాలు చెప్పే బడిలో పిల్లలు భయపడుతూ ఏదైనా చెబితే నవ్వి పంపేసేదాన్ని. ఎనభైల్లో జరిగిన ఈ సంగతి తలుచుకుంటే మాత్రం నవ్వు రాదు.

అప్పట్లో మా ఆయన ఉద్యోగం వల్ల గుంటూరు అవతల, మీటర్ గేజ్ లైను మీద ఒక చిన్న ఊళ్ళో ఉండేవాళ్ళం. దొరల కాలంలో రైల్వే వాళ్ళు కట్టిన ఊరు. మేం వెళ్ళేసరికి సగం క్వార్టర్లు ఖాళీ. చుట్టాలొస్తే చూపించడానికి పాత లోకో షెడ్డు, బొగ్గింజన్ల నీళ్ళ కోసం తవ్విన చెరువు, దాని వెనక గుట్ట ఉండేవి.

ఒక మార్చిలో మా అక్క సుగుణ ప్రత్తిపాడు నుంచి వచ్చింది. ఆ ఊరు రావడం అదే మొదలు. పొద్దున్నే టిఫిన్ చేసి ఇద్దరం గుట్టకి బయల్దేరాం. కళ్ళాల్లో ఆరబోసిన మిరపకాయల ఘాటుకి దగ్గుతూ, నవ్వుకుంటూ నడిచాం.

షెడ్డు దాటగానే అక్క దారి వదిలి ఎడమకి తిరిగింది.

“అటు కాదక్కా,” అన్నాను.

“ఇటే దగ్గర,” అంది వెనక్కి చూడకుండా.

కంపచెట్లు తప్పించుకుంటూ, రోజూ తిరిగే మనిషిలా పోతోంది. “ఇక్కడ గులాబీలుండేవి. ఆ అరుగు మీద బ్యాండు వాయించేవాళ్ళు,” అంటోంది. నాకు ఏ అరుగూ కనబడలేదు. వేళాకోళమేమో అనుకున్నాను. పేరు పెట్టి పిలిచినా పలక్కపోయేసరికి గబగబా వెనకే నడిచాను.

బొగ్గు బూడిద పోసిన చోట ఆగి నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

“ముందుకెళ్ళకు. బావి.”

ఎదురుగా చదును నేల, పల్లేరు తీగలు. అక్క వంగి, లోతుకి చూసినట్టు ఆ నేలని చూస్తోంది.

“పాప ఇంకా పైకి రాలేదు,” అంది.

అక్కకి ఆడపిల్లలు లేరు.

ప్రార్థన చేద్దామంటే నాకు మాటలు రాలేదు. ఎలాగో ఇంటికి లాక్కొచ్చాను. అక్క పడుకుని సాయంత్రం దాకా లేవలేదు. ఊపిరి ఆడుతోందో లేదో చూస్తూ పక్కనే కూర్చున్నాను.

పక్కింట్లో రిటైరైన రైలింజను డ్రైవరు గారు ఉండేవారు. షెడ్డు వెనక ఎప్పుడైనా బావి ఉండేదా అని గోడ మీదుగా అడిగాను.

“ఉండేది. నువ్వు పుట్టకముందే పూడ్చేశారు. నీకెవరు చెప్పారమ్మాయ్?”

“అందులో పిల్లెవరైనా పడిందా అండీ?”

ఆయన లోపలికి వెళ్ళిపోయారు. తర్వాత ఎన్నిసార్లు అడగబోయినా మాట మార్చేశారు.

మర్నాడు బావగారు అక్కని తీసుకెళ్ళడానికొచ్చారు. అక్క మామూలుగానే ఉంది. కాఫీ తాగుతూ ఆయనతో, “గుట్ట మీద గాలి ఎంత బావుందో తెలుసా. దిగబుద్ధి కాలేదు,” అని నా వైపు తిరిగి, “కదే?” అంది.

మేం గుట్ట ఎక్కనే లేదు.

ఔనన్నాను. ఆ రోజు అక్క ఏం చూసిందో ఇప్పటికీ నాకు తెలియదు. అడుగుదామని చాలాసార్లు నోటిదాకా వచ్చింది. అడిగితే గుర్తొస్తుందేమోనని ఆగిపోయాను.