ఆ పనస చెట్టు మార్తమ్మక్కది

నిన్న పొద్దున పెద్దోడి దగ్గర నుంచి ఫోన్. "అమ్మా, ముందు కూర్చో" అన్నాడు.

నేను కూర్చోలేదు. నిలబడే విన్నాను.

మార్తమ్మక్క పోయిందట.

నా తోటికోడలు. ఒకే పొయ్యి దగ్గర పదిహేనేళ్ళు కలిసి వండిన మనిషి. మొన్న ఆదివారం కూడా ఫోన్‌లో "మాత్ర మింగినావా మే" అని నన్ను కసిరింది. ఆమె ఎట్లా పోతుంది?

రోజంతా ఏడుపు రాలేదు. సాయంత్రానికి మాత్రం కోపం వచ్చింది.

ఫ్యామిలీ గ్రూప్‌లో ఎవరో అక్క ఫోటో పెట్టారు. పనస చెట్టుకు ఆనుకుని నవ్వుతూ ఉంది. కింద ఏముందో మా మనవరాలు చదివి వినిపించింది. "ముత్తాత నాటిన చెట్టు దగ్గర మా నాయనమ్మ."

అబద్ధం.

నాకు చదువు రాదు. కానీ ఆ చెట్టు ఎవరు నాటారో తెలుసు. నేను చెబుతున్నాను, మనవరాలు టైప్ చేస్తోంది. పిల్లలందరూ చదవండి.

నయాపైసలు కొత్తగా వచ్చిన రోజుల్లో నేను ఆ ఇంటికి చిన్నకోడలిగా వెళ్ళాను. విడవలూరు దాటి సముద్రం వైపు. అంతా ఇసక నేల. బావి పక్కన మా మామ పనస చెట్టు ఒకటి ఉండేది. మెత్త తొనల రకం. నోట్లో పెట్టుకుంటే నమిలే లోపలే గొంతులోకి జారిపోతుంది. మామకు అప్పటికే ఒక్క పన్ను లేదు, ఆయనకు అదే అమృతం. ఇంటికొచ్చింది పాస్టరుగారైనా సరే, ఆ పండు తిని మెచ్చుకున్నాకే ప్రార్థన.

మరుసటి ఏడాది బోగోలులో ఒక పెళ్ళికి వెళ్ళి, అక్కడ అక్క గట్టి తొనల పండు తిన్నది. మద్రాసు వైపు నుంచి తెచ్చారట. కొరికితే కొబ్బరి ముక్కలా విరిగిందట. తిన్నవాళ్ళు పారేసిన గింజలు ఏరి, తడిగుడ్డలో చుట్టి, కొంగున ముడేసుకుని బస్సెక్కింది. ఎండితే మొలవవని ఆ సాయంత్రమే పగిలిన కుండల్లో పెట్టింది.

"ముసిలాయన అడిగితే కూరకని చెప్పు మే."

"కుండలో మట్టేసి కూర వండుతామా అక్కా?"

"నోరు ముయ్యి."

నాలుగు మొలిచాయి. పశువుల కొట్టం వెనక నాటింది. మామ చూడనే చూశాడు.

"ఈ ఇసకలో ఒక్క చెట్టుకే నీళ్ళు చాలవు. సరే, కాయనీ. నా చెట్టు పండు కన్నా తక్కువగా ఉన్నిందా, నాలుగూ కొట్టేయిస్తా" అన్నాడు.

ఎనిమిదేళ్ళు. అక్క కడుపుతో ఉండి కూడా బిందెలు మోసింది. ఎండాకాలం పిల్లల స్నానాలన్నీ ఆ చెట్ల మొదట్లోనే.

కాపు వచ్చిన ఏడు, నాలుగు చెట్ల తొనలూ నాలుగు ఆకుల్లో పెట్టి నన్ను కూర్చోబెట్టింది. నా నోటికి మొహమాటం తెలియదని నేనే జడ్జి. ఒకే పండు గింజలే, అయినా ఒక చెట్టుకూ ఇంకో చెట్టుకూ పోలిక లేదు. మొదటిది మామ చెట్టులాగే జారిపోయింది. రెండోది పులుపు. మూడోది చప్పిడి.

"ఇదెట్టుండాది మే?"

"గొడ్డుకు పెట్టు."

నాలుగోది కొరికాను. టక్కుమంది. అక్క నా మొహమే చూస్తోంది. నేను ఇంకో తొన తీసుకున్నాను.

అక్క కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

కానీ బోసినోటి మామ ఆ తొన ఎట్లా నములుతాడు? చెక్కముక్క అని ఊసేస్తాడు, చెట్టు పోతుంది. గొడ్డలి మనిషిని అప్పటికే పిలిపించాడు. వసారాలో కూర్చుని ఉన్నాడు.

అక్క రోలు కడిగి తొనలు దంచింది. బెల్లం డబ్బా వైపు చెయ్యి చాపింది. నేను పట్టుకున్నాను.

"బెల్లం వద్దక్కా. మోసమవుతాది."

"మరి దంచేది మోసం కాదా?"

"కాదు. పళ్ళున్నోళ్ళు నోట్లో దంచుకుంటారు. ఆయనకు మనం రోట్లో దంచినాం."

మామ ముందు ఒక గిన్నెలో ఆయన చెట్టు తొనలు, ఇంకో గిన్నెలో ఇది. రెండోది నాకి నాకి తిన్నాడు. మళ్ళీ పెట్టించుకున్నాడు.

"పండంటే ఇది మే! ఇది నా చెట్టుదే. మిగతాయన్నీ కొట్టెయ్‌రా!"

"అది కొట్టం వెనక చెట్టుది మామా" అంది అక్క.

మామ మీసం తుడుచుకున్నాడు.

"అయితే ఏం? గింజ నా చెట్టుదే అయ్యుంటాది. నేనే ఎప్పుడో నాటి ఉంటా."

నేను నోరు తెరిచాను. అక్క నా కాలు తొక్కింది.

"అవును మామా. మీరు నాటిందే" అంది.

మిగతా మూడూ పోయాయి. అదొక్కటి నిలిచింది.

వంటింట్లో అక్కను కడిగేశాను. "ఎనిమిదేళ్ళు నువ్వు నీళ్ళు మోస్తే పేరు ఆయనకా?"

"పేరు కొరుక్కు తింటానా మే? చెట్టు నిలిచింది గదా. నేను బతికుండగా ఎవురికీ చెప్పబాక. ముసిలాయన మొహం చిన్నబోతాది."

మామ పోయాక కూడా చెప్పనివ్వలేదు. ఎవరు అడిగినా "మా మామ నాటిందే" అనేది, నా వైపు చూసి నవ్వేది. నా నోటికి ఇన్నేళ్ళు తాళం వేసిన మనిషి ఇంకొకరు లేరు. నా మొగుడి వల్ల కూడా కాలేదు.

ఇప్పుడు అక్క లేదు. నేనిచ్చిన మాట తీరిపోయింది.

పిల్లలూ, ఫోటో కింద రాసింది తీసేయండి. "మా నాయనమ్మ, ఆమె పెంచిన చెట్టు" అని రాయండి. రాసి నాకు చదివి వినిపించండి.

అక్కా, నువ్వు వెళ్ళినచోట మామ కూడా ఉంటాడు. ఇక్కడ సర్దుకుపోయింది చాలు. ఆ చెట్టు నాదని ఒక్కసారి ఆయన మొహం మీదే చెప్పు.

చెప్పి, హాయిగా పడుకో. ప్రభువు దగ్గర నీకు నెమ్మది దొరకాలి, నా తల్లీ.